మన ఇంట మొదట కాపురమున్నవారు



"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. నేను పెళ్లిళ్లు రెండు చేశాను. ఇల్లు మాత్రము అరవై యేళ్లు దాటి, ఉద్యోగము విరమించిన తర్వాతే మొదలుపెట్టాను. కోరమండల్ రైలు స్టేషనుకు నడిచి పోగలిగినంత దూరములో ముప్పై నలభై సైటు. చాలా యేళ్ల క్రిందట చీటీ పాడుకొని కొన్నది. ముగ్గు పోసిన దినము మొదలు తలుపులు బిగించిన దినము వరకు పదకొండు నెలలు పట్టింది. ఆ పదకొండు నెలలూ ప్రతి ఉదయము కాఫీ త్రాగకముందే అక్కడికి పోయి నిలుచునేవాణ్ణి. ఆ నిలుచుండుటలో నేను నేర్చుకొన్నది, నేర్చుకొనడానికి ఆలస్యము చేసినది మీతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ఇల్లు లేచే తీరు చూచినవారికి ఈ సంగతి తెలుసు. మొదట నేల మీద తెల్లని గీతలే. వాటి మధ్య నిలబడితే, ఇంతేనా మన ఇల్లు అనిపిస్తుంది. పునాది త్రవ్వితే ఇంకా చిన్నదిగా కనబడుతుంది. గోడలు నడుము ఎత్తు వచ్చేసరికి మనస్సుకు కొంచెము ధైర్యము వస్తుంది. లింటెలు పడి, కిటికీ సందులలో ఆకాశము కనబడిన దినాన అది మన కంటికి రాజభవనమే. తర్వాత స్లాబు. సెంట్రింగు కర్రల అడవిలో కొన్ని వారములు లోపలికి పోలేము. ఆ కర్రలు తీసిన ఉదయము లోపలికి పోయి ఒక మాట అంటే ఆ మాట గోడలకు తగిలి తిరిగి వస్తుంది. మన ఇంట మన గొంతు మనము వినడము అదే మొదటిసారి.

ఎందుకింత ఆలస్యమని పిల్లలు ఫోనులో అడిగేవారు. కాంక్రీటు ఆరితే గట్టిపడుతుందని చాలామంది అనుకొంటారు. నిజానికి అది త్వరగా ఆరిపోతే బలహీనపడుతుంది. సిమెంటు నీటితో కలిసి లోలోపల మారుతూ గట్టిపడుతుంది గనుక కనీసము వారము పది దినములు దానిని తడిగా ఉంచాలి. ఇంజనీర్లు దాని బలమును లెక్కగట్టేది 28 దినముల తర్వాత. మా కోలారు జిల్లాలో ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ లేదు. బోరు నీళ్లు, లేకుంటే ట్యాంకరు నీళ్లు. చీకటితోనే లేచి డ్రమ్ములోనుండి బిందెతో ముంచి గోడలకు నీళ్లు పట్టే పని మేస్త్రీ భార్యది. నేను పోయేసరికి గోడలు తడిసి ఉండేవి. ఎవరు తడిపారని నేను చాలా దినములు ఆలోచించలేదు.

ఆ తడిగోడల ముందు నిలుచున్నప్పుడెల్లా మా నాన్న జ్ఞాపకమునకు వచ్చేవారు. ఆయన కూడా గోడలు కట్టినవారే. అయితే ఆయన కట్టిన గోడలలో ఒక్కటి కూడా మాకు కనబడలేదు.

బంగారు గనుల సంగతి మీలో పెద్దవారికి తెలుసు, చిన్నవారి కొరకు చెబుతాను. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అనే ఆంగ్లేయ కంపెనీ ఈ రాతినేల మీద గనుల పని చేపట్టింది. చిత్తూరు వైపునుండి తెలుగువారు, ఉత్తర ఆర్కాడు వైపునుండి తమిళులు కరవుకూ అప్పులకూ తాళలేక వచ్చి పనిలో చేరారు. మా తాత అలా వచ్చినవారే. చాంపియన్ రీఫ్ గని కాలక్రమములో పది వేల అడుగులకు మించి లోతుకు పోయింది. ముడిరాయి తీసివేసిన చోట ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీ కూలకుండా గ్రానైటు రాళ్లు పేర్చి గోడలు కట్టేవారు. మా నాన్న ఆ పనివారు. రాతిమీద ఒత్తిడి పెరిగి అది పగిలినప్పుడు పైన మా ఇళ్లు కూడా అదిరేవి, గిన్నెలు దొర్లేవి. దానిని అందరూ 'ఎయిర్ బ్లాస్ట్' అనేవారు. అది విన్న ప్రతి ఇల్లాలూ వాకిట్లోకి వచ్చి షాఫ్టు వైపు చూస్తూ నిలబడేది.

నాన్న ఎక్కువ మాట్లాడేవారు కారు. ఒకసారి మా బడి ప్రహరీ గోడ చూసి మాత్రము ఇలా అన్నారు: "ముందరి రాయిని ఎవడైనా బాగా పెడతాడు నాయనా. ఎనక రాయి ఎట్లా పెట్టినాడో చూడాల. బరువు మోసేది అదే." ఆ మాట అప్పుడు నాకు పనితనము గురించి చెప్పినట్టే వినబడింది.

ఇన్ని గోడలు కట్టిన మనిషికి సొంత గోడ ఒకటి లేదు. మేము పుట్టి పెరిగినది కంపెనీ లైన్లలో. మా తాత కాలములో అవి తడికెల గుడిసెలు. మా కాలమునకు రేకుల కప్పు వచ్చింది. మేకు కొట్టడానికి కూడా ఇది మన ఇల్లు కాదు కదా అని అమ్మ జంకేది. ఈ గనుల నుండి నూట ఇరవై యేళ్లలో సుమారు 800 టన్నుల బంగారము వెలికి వచ్చిందని చెబుతారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. గని మూతబడిన తర్వాత కూడా లైన్లలోని వేలాది కుటుంబములను ఒక ప్రశ్న వెంటాడింది: మూడు తరములు కాపురమున్న ఈ ఇల్లు ఎవరిది? కాగితము ఉన్నవానిదా, ఉన్నవారిదా?

ఈ ప్రశ్నతోనే పెరిగిన నేను, సొంత ఇల్లు కట్టే దినము వచ్చినప్పుడు దానిని పూర్తిగా మరచిపోయాను.

మా మేస్త్రీ కుటుంబము పాలమూరు నుండి వచ్చింది. ఆ జిల్లా కూలీలు మన దేశములో ఎన్నో ఆనకట్టలకు, కాలువలకు, పట్టణములకు మట్టి మోసినవారు. అక్కడ గుంపుమేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి మనుషులను దూరదేశములకు తీసికొనిపోయే పద్ధతి తరతరములుగా ఉండేది. మా మేస్త్రీ తండ్రి అలా తిరిగినవాడట. కొడుకు తాపీ పని నేర్చుకొని స్వంతముగా వచ్చాడు. భార్య, ఆరేళ్ల కూతురు, చీర ఉయ్యాలలో చంటిపిల్లవాడు. తెలుగువారే దొరికారని నాకు సంతోషమైంది. సైటు మూలన నాలుగు కర్రలు పాతి రేకులు కప్పి, సిమెంటు బస్తాలతోపాటు వారిని కూడా అందులో ఉంచాను. రాత్రి కాపలా కూడా కలిసివస్తుందని లెక్క వేసుకొన్నాను. ఇంకొక లెక్క కూడా వేశాను. "ఒక వారము కూలి ఎప్పుడూ నీ చేతిలో ఉంచుకో, లేకుంటే సగములో వదిలి పోతారు" అని తెలిసినవారు చెప్పారు. అలాగే ఉంచుకొన్నాను. ఇది అందరూ చేసేదే గనుక తప్పని తోచలేదు.

గోడలు లింటెలుకు వచ్చిన దినాన మా అమ్మను ఆటోలో ఎక్కించి ఇల్లు చూపడానికి తీసికొనిపోయాను. ఆమెకు ఎనభై ఐదు దాటాయి. ఇది హాలు, ఇది నీ గది, ఇక్కడ నీకు మెట్టు లేకుండా బాత్రూము అని చూపించాను. అన్నిటికీ తల ఊపింది. ఆమె చూపు మాత్రము మూలనున్న రేకుల షెడ్డు మీదనే ఉంది. కాసేపటికి అడిగింది.

"ఆ పిల్లతల్లి ఎక్కడికి పోతాది నాయనా?"

నాకు అర్థము కాలేదు. పని ఉంది కదమ్మా, ఎక్కడికి పోతుంది అన్నాను.

"అది కాదప్పా. దొడ్డికి యాడికి పోతాది? చుట్టూ ఇండ్లే కదా. చీకటి పడేదాకా అట్లే ఉంటాదా?"

నేను జవాబు చెప్పలేదు. అమ్మ కూడా మళ్లీ అడగలేదు. ఇంటికి వచ్చిన తర్వాత మాత్రము ఎన్నడూ చెప్పనిది ఒకటి చెప్పింది. లైన్లలో ఉన్నప్పుడు, నేను కడుపులో ఉన్నప్పుడు, పగలు నీళ్లు త్రాగేది కాదట. చీకటి పడేదాకా బయటకు పోలేము గనుక. గుక్కెడు నీళ్లకు లెక్క వేసుకొని బ్రదికిన ఆ దినములు ఆమె మరచిపోలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కంపెనీ మా అమ్మకు చేసినదే నేను ఇంకొక తల్లికి చేశాను. కంపెనీ దొరలు సముద్రము అవతలినుండి వచ్చినవారు. వారికి మా బాధ తెలియదనుకోవచ్చు. నేనైతే ఆ రేకుల క్రిందనే పుట్టినవాణ్ణి. బాధపడినవానికి ఎదుటివాని బాధ తనంతట తానే తెలుస్తుందని మనము అనుకొంటాము. అది నిజము కాదు. పైమెట్టు ఎక్కినవానికి క్రిందిమెట్టు త్వరగా కనబడకుండా పోతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తాను. ఇల్లు కట్టించుకొనేవాడు కట్టేవానికి ఒప్పుకొన్న కూలి ఇచ్చిన తర్వాత ఇంకా ఏమైనా బాకీ ఉంటాడా?

లేడని చెప్పడానికి న్యాయమైన మాటలే ఉన్నాయి. నాకు నేను అవన్నీ చెప్పుకొన్నాను. కూలి ఇద్దరము ఒప్పుకొన్నదే. ఎవరినీ బలవంతము చేయలేదు. నేను ఇల్లు కట్టకపోతే వారికి ఆ పదకొండు నెలల పనీ లేదు. నేనేమీ ధనవంతుణ్ణి కాను. బ్యాంకు అప్పు, రిటైరుమెంటు డబ్బు, పెద్దకూతురు సాయము కలిసి లేచిన గోడలివి. నేను కాకపోతే ఇంకొకరు వారిని ఇంతకంటే హీనముగా చూచేవారేమో. ఇందులో ఏ ఒక్కటీ అబద్ధము కాదు.

అయితే ఈ మాటలన్నీ కూలి గురించినవి. అమ్మ అడిగినది కూలి గురించి కాదు. ఒక మనిషి మన స్థలములో పగలు రాత్రి బ్రతుకుతున్నప్పుడు, ఆ బ్రతుకు ఎలా సాగుతుందనేది మన చేతిలోకి వస్తుంది. నీళ్లెక్కడ, దొడ్డి ఎక్కడ, పిల్లవాణ్ణి ఎక్కడ పడుకోబెట్టాలి అనేవి వారు బజారులో కొనుక్కోగలిగినవి కావు. ఆ స్థలము మనది గనుక మనము ఇస్తే ఉంటాయి, ఇవ్వకపోతే ఉండవు. యజమాని అనిపించుకొన్న దినమే ఆ బాధ్యత కూడా మన పేర రిజిస్టరు అవుతుంది. దస్తావేజులో అది వ్రాసి ఉండదు, అంతే.

చట్టము సంగతి కూడా విచారించాను. 1996లో పార్లమెంటు భవన నిర్మాణ కార్మికుల కొరకు ఒక చట్టము చేసింది. పనిచోట త్రాగునీరు, మరుగుదొడ్డి, తాత్కాలిక వసతి యజమాని కల్పించాలని అందులో చెప్పారు. అయితే పదిమందికి తక్కువ కూలీలున్న పనికి అది వర్తించలేదు. పది లక్షలకు మించని ఖర్చుతో సొంత ఇల్లు కట్టుకొనేవానిని కూడా వదిలివేసింది. మా సైటులో ఎన్నడూ పదిమంది లేరు. చట్టము నన్ను అడగలేదు. మా అమ్మ అడిగింది. చట్టము ఊరంతటికీ ఒకే కొలత పెట్టాలి గనుక చిన్నవాటిని వదిలిపెడుతుంది. అది వదిలిన చోట మన మనస్సాక్షి పని మొదలుకావాలి.

ఈ విషయములో మన సంఘముల చరిత్రలోనే ఒక పాఠము ఉంది. 1878 జూలై 3న వెలుంపిల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిన సంగతి మన సండేస్కూలు పిల్లలకు కూడా నోటికి వచ్చు. ఆ సంఖ్యకు ముందు ఒక కాలువ ఉందని మాత్రము తక్కువమంది జ్ఞాపకము చేసికొంటారు. 1876 నుండి 1878 వరకు మన దేశములో ఘోరమైన కరవు. ప్రభుత్వము బకింగ్‌హాము కాలువ త్రవ్వించి కూలి ఇచ్చేది. బీదలు, అందులోనూ మాదిగ కులస్థులు, పనికి పోయిన చోట తిట్లు తిని, దెబ్బలు తిని, కూలి సరిగా చేతికి రాక చస్తున్నారని విని క్లౌ దొరగారు కాలువలో కొన్ని మైళ్ల పనిని తానే కాంట్రాక్టుకు తీసికొన్నారు. బోధకులను పని పెద్దలుగా పెట్టారు. కూలి చేతికి అందేటట్టు చూశారు. కూర్చుండి మాట్లాడడానికి మనిషి మనిషికి సమయము దొరికిన చోటు అది. బోధ తర్వాత విన్నారు. ముందు తమను మనుషులుగా చూడడము చూశారు. మన పితరులలో అనేకులు ఆ కాలువ దగ్గర తట్టలు మోసినవారే. కట్టడపు కూలీలను చూసినప్పుడు మనము పరాయివారిని చూడడము లేదు, మన తాతమ్మలను చూస్తున్నాము.

ఇక నేను చేసినది చెబుతాను. అది గొప్ప కాదు గనుక గొప్పగా చెప్పను. మరునాడు గోడ పని ఆపి, సైటు వెనక గుంత త్రవ్వించి, రింగులు దింపించి, నాలుగు ప్రక్కల ఇటుక గోడ కట్టించి మరుగుదొడ్డి ఏర్పాటు చేశాము. రెండు దినములు పని వెనకబడింది. మా అమ్మ వచ్చి చూసింది. ఇల్లు పూర్తికాకముందే తలుపు పెట్టిన గది అదొక్కటే. మేస్త్రీ భార్య నాకు కృతజ్ఞతలేమీ చెప్పలేదు. తలుపు తీసి, వేసి చూసి, మా అమ్మ వైపు తిరిగి అన్నది: "అవ్వా, లోపటి దిక్కు గొళ్లెం పెట్టియ్యమను." బయటి గడియ నేను పెట్టించాను, లోపలి గడియ నాకు తోచలేదు. ఆ సాయంత్రమే తెచ్చి పెట్టించాను. సాయము చేయడానికి పోయినవాడు కూడా ఎదుటివారిని అడగకుండా చేస్తే సగమే చేస్తాడని తెలుసుకొన్నాను.

ఆ శనివారము ఆపి ఉంచుకొన్న వారము కూలి ఇచ్చివేశాను. మేస్త్రీ లెక్కపెట్టుకొని నా ముఖము వైపు చూశాడు. పని మానిపిస్తున్నానేమోనని అతనికి భయము వేసిందట. ఆ తర్వాత ప్రతి శనివారము ఆ వారము కూలి ఆ వారమే ఇచ్చాను. అతను సగములో వదిలి పోలేదు. వదిలి పోయి ఉంటే కూడా ఆ డబ్బు అతనిదే. పొరుగువానిచేత కూలి ఇవ్వక పని చేయించుకొని నగరు కట్టించుకొన్న యెహోయాకీము రాజును ప్రవక్త యిర్మీయా గద్దించిన సంగతి నేను ఎన్నోసార్లు చదివాను. అది రాజుల కొరకు వ్రాసినదనుకొన్నాను. ముప్పై నలభై సైటువాడు కూడా తన పనివారికి రాజే.

స్లాబు పడిన తర్వాత మేస్త్రీ కుటుంబము షెడ్డు విడిచి హాలులోకి మారింది. తలుపులు లేవు, నేల పడలేదు, అయినా కప్పు ఉంది. మూడు ఇటుకలు పెట్టి పొయ్యి చేసుకొన్నారు. నిలువు కొక్కెమునకు చీర కట్టి పిల్లవాణ్ణి ఊపేవారు. ఒక ఉదయము పైకి ఎక్కితే వారి ఆరేళ్ల పాప స్లాబు అంచున కూర్చుని కాళ్లు ఊపుతూ ఉంది. నా గుండె ఆగినంత పనైంది. క్రొత్త ఇల్లు కట్టినవాడు మేడకు పిట్టగోడ కట్టించాలని, లేకపోతే పడినవాని రక్తదోషము ఆ ఇంటి మీదికి వస్తుందని ద్వితీయోపదేశకాండములో ఉన్న ఆజ్ఞ మనకు తెలుసు. ఆ ఆజ్ఞ మన పిల్లల కొరకు, మన అతిథుల కొరకు అనుకొంటాము. నిజానికి పిట్టగోడ లేని మేడ మీద అందరికంటే ఎక్కువ తిరిగేది దానిని కట్టేవారే. పిట్టగోడ చివరికి కట్టవలసిన పని. ఆ వారమే ముందుగా కట్టించాను.

ఒకటి మాత్రము చేయలేదు. ఆ పాప ఆ పదకొండు నెలలూ బడికి పోలేదు. బడి అర మైలు దూరములోనే ఉంది. కన్నడ బడి కదా, కొన్ని నెలలలో పోయేవారు కదా, పోయినచోట చూసుకొంటారు కదా అని నాకు నేను చెప్పుకొన్నాను. మా నాన్న లైన్లలో ఉండి కూడా నన్ను బడికి పంపించారు గనుకనే నేను ఉద్యోగము చేసి ఈ ఇల్లు కట్టగలిగాను. ఇది తెలిసి కూడా నేను ఆ అర మైలు నడవలేదు. ఈ బాకీ తీరలేదు, ఇక తీరదు కూడా.

గృహప్రతిష్ఠ ఆరాధన దినాన సంఘపెద్దలు, బంధువులు, లైన్లలోని పాత స్నేహితులు వచ్చారు. అందరూ గోడలు తట్టి చూసి, టైల్సు బాగున్నాయన్నారు. మేస్త్రీ కుటుంబమునకు బట్టలు పెట్టాలని పిలిచాను. అప్పటికే వారు బెంగుళూరులో ఇంకొక సైటుకు పోయారు. ఒక దినము వస్తే ఒక దినము కూలి పోతుంది గనుక రాలేకపోయారు. బట్టలు మనిషిచేత పంపించాను. హాలులో వారి పొయ్యి ఉన్న మూలన గోడకు మసి పట్టి ఉండేది. రంగు వేసేవాడు రెండు పూతలు వేసి దానిని కనబడకుండా చేశాడు. మా అమ్మ తన కుర్చీని ఆ మూలనే వేయించుకొంది. ఎందుకని నేను అడగలేదు.

నాన్న చెప్పిన వెనక రాయి ఏదో నాకు ఇప్పుడు తెలుసు. ఇల్లు మెల్లగా లేస్తున్నంతకాలము అది కంటికి కనబడుతుంది: ఎవరు నీళ్లు మోశారు, ఎవరు రాత్రి ఎక్కడ పడుకొన్నారు, ఎవరి బిడ్డ ఎక్కడ ఆడింది. పూత పడిన తర్వాత ఇక కనబడదు. అందుకే, మీలో ఎవరైనా ఇల్లు కట్టబోతుంటే, మన సంఘము మందిరమునకు గది కట్టబోతుంటే, ప్లాను గీయించకముందు ఈ నాలుగు సంగతులు నిర్ణయించుకోండి: కట్టేవారికి త్రాగునీరు ఎక్కడ, లోపలి గొళ్లెమున్న దొడ్డి ఎక్కడ, కూలి ఏ దినాన, పిల్లలు పగలంతా ఎక్కడ. ఈ నాలుగింటికి అయ్యే ఖర్చును సిమెంటు, ఇనుము ప్రక్కనే లెక్కలో వ్రాసికొనండి. మన కంటే ముందు మన ఇంట కాపురముండబోయేది వారే.